పార్కులో ముందు నీళ్ళ సంగతి చూడండి, సోలార్ చెట్టు తర్వాత

మీరు అడిగింది ఇదీ. ఉప్పల్ వైపు మీ కాలనీలో ఎకరంపావు పార్కు ఉంది, సంఘం దగ్గర 25 లక్షలు పోగయ్యాయి. కాంట్రాక్టరు ఇచ్చిన ప్లానులో పార్కు మొత్తం లాను, 30 సోలార్ స్తంభాలు, గేటు దగ్గర ఒక సోలార్ చెట్టు (కొమ్మల్లా ప్యానెళ్ళు అమర్చిన స్తంభం), మధ్యలో ఫౌంటెను, కాంపౌండు గోడకు వర్టికల్ గార్డెను, అంటే నిలువునా తగిలించే కుండీల తోట ఉన్నాయి. దీన్ని గ్రీన్ పార్కు అనొచ్చా, డబ్బు సరైన చోటికే పోతోందా అని మీ సందేహం.

నేను ఇరవై రెండేళ్ళుగా ఈ పనిలోనే ఉన్నాను. మొదట నర్సరీలో, తర్వాత ల్యాండ్‌స్కేప్ కాంట్రాక్టుల్లో చేశాను, ఇప్పుడు కాలనీ సంఘాలకు ప్లాన్లు చూసి చెబుతుంటాను. మీ ప్లాను చూశాక ఉన్న మాట చెబుతున్నాను, అడ్వాన్సు ఇంకా ఇవ్వకపోతే ఇవ్వకండి. అందులో ఉన్నవన్నీ కొనే వస్తువులే. ఆకాశం నుంచి పడే నీళ్ళు మీ స్థలంలో ఎటు నుంచి ఎటు పోతున్నాయో ఆ కాగితంలో ఒక్క గీత కూడా లేదు. హైదరాబాద్‌లో పార్కు బతికేదీ చచ్చేదీ ఆ ఒక్క గీత దగ్గరే.

లెక్క మీరే వేసి చూడండి, కష్టం కాదు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మన ఊళ్ళో ఏడాదికి సగటున 800 మిల్లీమీటర్ల దాకా పడుతుంది, అదీ చాలావరకు జూన్ నుంచి అక్టోబరు లోపే. మీది ఎకరంపావు అంటే సుమారు 5,000 చదరపు మీటర్లు. అంటే ఏడాదికి 40 లక్షల లీటర్లు మీ గోడల లోపలే, పైసా ఖర్చు లేకుండా పడుతున్నాయి. ఒక గట్టి వాన, 50 మిల్లీమీటర్లది కురిసిందంటే ఆ ఒక్క సాయంత్రమే రెండున్నర లక్షల లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు 50. ఇప్పుడు లాను వైపు చూడండి. ఎండాకాలంలో లానుకు చదరపు మీటరుకు రోజుకు ఎంత లేదన్నా 5 లీటర్లు పెట్టాలి, లేకపోతే ఎర్రబడుతుంది. మీ ప్లానులో 3,000 చదరపు మీటర్ల లాను ఉంది. రోజుకు 15,000 లీటర్లు, మూడు ట్యాంకర్లు. మార్చి నుంచి తొలకరి దాకా వంద రోజులు వేసుకుంటే 15 లక్షల లీటర్లు. మీ కాలనీలో ఏప్రిల్‌లో ఇళ్ళకే బోర్లు ఎండుతున్నాయని మీరే రాశారు కదా, ఆ నీళ్ళు ఎక్కడి నుంచి తెస్తారు?

కాబట్టి మొదటి పని డిజైను కాదు, వాన కురుస్తుండగా గొడుగు వేసుకుని పార్కులో నిలబడటం. నిజంగా చెబుతున్నాను, నేను ఏ పార్కుకైనా ముందు అడిగేది ఇదే. నాలుగేళ్ళ కింద మల్కాజ్‌గిరి వైపు ఒక కాలనీ వాళ్ళు పిలిచారు, బోరు ఎండిపోయింది, ఇంకోటి ఎక్కడ వేయాలో చెప్పండి అని. నేను వెళ్ళిన రోజు సాయంత్రమే వాన పట్టుకుంది. గేటు పక్కన వాచ్‌మన్ గది అరుగు మీద నిలబడ్డాం. పావుగంట అయ్యేసరికి నడిచే దారి చిన్న కాలువ అయింది. రెండు పక్కలా ఆరంగుళాల సిమెంటు కర్బు కట్టారు చూడండి, దాంతో నీళ్ళు మొక్కల వైపు పోవడానికి దారే లేదు, మొత్తం గేటు వైపే ఉరికింది. మెట్ల మీద నుంచి రోడ్డు మీదకు దూకుతున్న నీళ్ళ రంగు చూస్తే చిక్కటి టీ రంగు. అది పార్కులో పైమట్టి. అందులోనే ఎండుటాకులు, ఎవరో పిల్లాడి రబ్బరు చెప్పు కొట్టుకుపోతున్నాయి. అక్కడ కర్బుకు ఇవతల, రెండడుగుల దూరంలో, కానుగ చెట్టు మొదట్లో మట్టి మీద నేను చెప్పు కాలితో గీసి చూస్తే అరంగుళం కింద పొడిగానే ఉంది. అంత వానలో!

మర్నాడు ఒక మేస్త్రీని పెట్టి ఆ కర్బును పల్లం ఉన్న చోటల్లా, పది పదిహేను అడుగులకు ఒకటి చొప్పున, జానెడు వెడల్పున ఉలితో కొట్టించాం. కొట్టిన చోట లోపలి వైపు నాలుగు రాళ్ళు పరిచాం, నీళ్ళు దూకి మట్టి కోసుకుపోకుండా. ఒక్క రోజు కూలి, అంతే. తర్వాతి వానకు గేటు దగ్గర మెట్లు తడిశాయి తప్ప నీళ్ళు పారలేదు. కొత్త బోరు మాట ఆ తర్వాత వాళ్ళు ఎత్తలేదు. మీ పార్కులోనూ కర్బు ఉందని ఫొటోలో కనిపిస్తోంది. ప్లాను ఏదైనా సరే, ఈ పని ఈ వారమే చేయించండి.

ఇక నేల ఏ రకమో తెలుసుకోవాలి. మీ వైపు కింద ఉన్నది గ్రానైటు, దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటి రాయి. దాని మీద మొరం, దాని మీద ఎర్ర నేల. మొరం బాగా ఉన్న చోట నీళ్ళు హాయిగా ఇంకుతాయి, కింద గట్టి బండ తగిలితే ఎంత పెద్ద గుంత తీసినా తొట్టిలో నిలిచినట్టు నిలుస్తాయి. చెరువు శిఖం, అంటే చెరువు నిండితే మునిగే నేల, దగ్గరి కాలనీ అయితే నల్లమట్టి తగలొచ్చు, అది ఇంకా నెమ్మది. వీటన్నిటికంటే కాలనీ పార్కుల్లో నాకు ఎక్కువసార్లు ఎదురైంది వేరే. ఇళ్ళు కట్టేటప్పుడు మిగిలిన చెత్తంతా ఖాళీ జాగాలో పోసి, పైన రెండడుగుల మట్టి కప్పి పార్కు అంటారు. ఒకచోట తవ్వితే టైల్స్ ముక్కలు, గట్టిపడిన సిమెంటు సంచులు, ఆఖరికి ఒక విరిగిన వాష్ బేసిన్ కూడా వచ్చింది. అక్కడ మూడుసార్లు మొక్కలు పెట్టారు, మూడుసార్లూ చచ్చాయి, మొక్కల మీదా నర్సరీ మీదా నెపం పెట్టారు.

దీనికి ల్యాబు అక్కర్లేదు. ఒక గడ్డపార తీసుకుని పార్కులో పది చోట్ల పొడిచి చూడండి, ఎక్కడ సులువుగా దిగుతుందో ఎక్కడ టంగుమంటుందో కాగితం మీద గుర్తు పెట్టుకోండి. బాగా దిగిన మూడు చోట్ల అడుగు లోతు, అడుగు వెడల్పు గుంత తీసి నిండా నీళ్ళు పోయండి. మొదటిసారి పోసింది వదిలేయండి, ఎండిన మట్టి తాగేస్తుంది. అది ఇంకాక మళ్ళీ నింపి, స్కేలు పెట్టి గంటకు ఎంత దిగిందో రాసుకోండి. గంటకు అంగుళం దిగితే మంచి నేల. అర అంగుళం కంటే తక్కువ దిగితే అక్కడ నీళ్ళు ఇంకించే పని పెట్టుకోవద్దు, వేరే చోటు చూసుకోండి.

ఇంకే నేల దొరికిన చోట నేను పెట్టించేది ఇంకుడు తోట. ఇంకుడు గుంత అందరికీ తెలుసు, అది లోతుగా కంకర, ఇసుక నింపి చేసేది. ఇంకుడు తోట అంటే ఎనిమిది అంగుళాల లోతున, అంచులు ఏటవాలుగా, పెద్ద పళ్ళెంలా దించిన మడి. వాన వచ్చినప్పుడు నిండుతుంది, ఒకటి రెండు రోజుల్లో ఇంకిపోతుంది, మిగతా రోజుల్లో మామూలు మొక్కల మడిలాగే ఉంటుంది. 200 చదరపు మీటర్ల మడి ఎనిమిది అంగుళాలు దించితే ఒక విడతకు 40,000 లీటర్లు పడతాయి. దోమల గురించి సంఘంలో ఎవరో ఒకరు లేస్తారు, లేవాలి కూడా, డెంగీ ఊరు మనది. దోమ గుడ్డు పిల్లదోమ అయి ఎగరడానికి వారం దాకా పడుతుంది. రెండు రోజుల్లో ఎండిపోయే మడిలో దోమ పుట్టదు. పుట్టేది మీ ప్లానులో ఉన్న ఫౌంటెనులో, మోటారు కాలిపోయి నెల రోజులు నీళ్ళు పచ్చబడి నిలిచినప్పుడు. ఆ ఫౌంటెను తీసేయండి, ఇంకేం ఆలోచించొద్దు.

ఇంకుడు తోటలో పెట్టే మొక్క నాలుగు రోజులు మునిగినా, నాలుగు నెలలు ఎండినా తట్టుకోవాలి. వట్టివేరు, తుంగ, మెట్టతామర నేను వాడతాను, అంచుల్లో కానుగ, నేరేడు, జాగా ఉంటే ఒక ఏరుమద్ది.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. రోడ్డు మీది నీళ్ళను పార్కులోకి మళ్ళించి నేరుగా బోరులోకో బోరు పక్క గుంతలోకో దించమని కొందరు సలహా ఇస్తారు. వద్దు. గట్టి వానకు మన కాలనీల్లో మ్యాన్‌హోళ్ళు పొంగుతాయి, వాన నీళ్ళూ మురుగూ ఒకటై పారతాయి, 2020 అక్టోబరు 13 రాత్రి ఆ నీళ్ళు ఇళ్ళలోకి వచ్చినవాళ్ళు మీ చుట్టుపక్కల కాలనీల్లోనే ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు. ఆ మురుగు ఒక్కసారి బోరులోకి దిగితే చుట్టూ ఉన్న ఇళ్ళ బోర్లు కూడా పోతాయి, దాన్ని కడిగి బాగుచేసే మార్గం లేదు. పార్కులో పడ్డ నీళ్ళు, పార్కులోని గది కప్పు మీది నీళ్ళు, అవి చాలు. అవి కూడా ముందు ఒక చిన్న తొట్టిలో ఆగి, మట్టి కిందికి దిగాక గుంతలోకి పోవాలి. ఆ తొట్టిలో పేరుకున్న మట్టిని ఏడాదికి రెండుసార్లు తీయకపోతే గుంత మూడేళ్ళకు మూసుకుపోతుంది. ఇలా మూసుకుపోయిన ఇంకుడు గుంతలు, పైన బోర్డు మాత్రం తళతళలాడుతూ ఉన్నవి, చాలా చూశాను.

నీళ్ళు పట్టి పెట్టుకుని తోటకు వాడటం మన ఊరికి కొత్త కాదు. గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధుల తోటలో మెట్ల బావులు చూసే ఉంటారు. అక్కడి పెద్ద బావి 2013 వానలకు ఒక పక్క కూలిపోయింది. దాన్నీ మిగతా బావుల్నీ బాగుచేశారు, ఆ పనికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డు వచ్చింది. బావుల్లో చేరిన వాన నీళ్ళనే అక్కడి చెట్లకూ మరమ్మతు పనులకూ వాడుకున్నారు. ఒకసారి సంఘం సభ్యుల్ని ఆదివారం పూట అక్కడికి తీసుకెళ్ళండి. అక్కడ నిలబడి కిందికి చూస్తే, ఆ నేలంతా నీళ్ళను బావి వైపు ఎలా నడిపిస్తుందో కంటికి కనిపిస్తుంది, నేను గంట మాట్లాడినా అంత అర్థం కాదు.

బోరు నీళ్ళు కాకుండా వేరే దారి ఇంకొకటి ఉంది. మీ కాలనీకి ఆనుకుని పెద్ద అపార్టుమెంటు ఉందన్నారు. వాళ్ళకు సొంతంగా మురుగు శుద్ధి చేసే ఎస్టీపీ ఉండే ఉంటుంది. శుద్ధి చేసిన నీళ్ళలో వాళ్ళు ఫ్లష్‌లకూ మొక్కలకూ వాడుకోగా మిగిలింది నాలాలో వదిలేస్తుంటారు. ఒక పైపు వేసుకుంటే అది మీ పార్కుకు ఏడాది పొడవునా వస్తుంది. వెళ్ళి అడగండి, నాకు తెలిసినంతలో అడిగిన చోటల్లా ఇచ్చారు. తీసుకునే ముందు నీళ్ళు పరీక్ష చేయించండి, వాసన వస్తుంటే ఒప్పుకోవద్దు. ఆ నీళ్ళను స్ప్రింక్లరుతో గాలిలోకి చిమ్మకూడదు, పిల్లలు ఆడే చోట అసలే వద్దు. చెట్ల పాదుల్లోకి, డ్రిప్ ద్వారా, తెల్లవారుజామున. డ్రిప్‌కు ఫిల్టరు తప్పనిసరి, దాన్ని వారానికోసారి విప్పి కడగాలి, లేకపోతే జిగురు పట్టి రంధ్రాలు మూసుకుంటాయి.

పార్కు టాయిలెట్ల దగ్గర చేతులు కడిగిన నీళ్ళకు నాగ్‌పూర్‌లోని నీరీ సంస్థ వాళ్ళ ఫైటోరిడ్ పద్ధతి గురించి మీరు ఎక్కడో చదివారని రాశారు. అది మంచి పద్ధతే. కంకర పరిచిన తొట్టిలో మెట్టతామర, జమ్ము లాంటివి పెంచి, వాటి వేర్ల మధ్య నుంచి మురుగును నెమ్మదిగా నడిపిస్తారు. వేర్లమీదా కంకరమీదా ఉండే సూక్ష్మజీవులు మురికిని తినేస్తాయి. నీళ్ళు కంకర పైకి రావు కాబట్టి దోమా ఉండదు, వాసనా ఉండదు. కానీ మీ పార్కులో ఒకే టాయిలెట్, ఒకే వాష్ బేసిన్ ఉన్నాయి. ఆ కాస్త నీళ్ళకు ఇంత ఏర్పాటు దండగ. ఆ వాష్ బేసిన్ పైపును రెండు అరటి మొక్కల పాదుకు వదిలితే సరిపోతుంది.

లాను పూర్తిగా వద్దని నేను అనను. పిల్లలు దొర్లడానికి, పెద్దవాళ్ళు పొద్దున యోగా చాపలు పరుచుకోవడానికి ఒక ముక్క ఉండాలి, 400 చదరపు మీటర్లు చాలు. అది కూడా మెక్సికన్ గడ్డి కాదు, గరిక వేయండి, మన వినాయకుడి గరికే. తొక్కినా లేస్తుంది, మేలో ఎండినట్టు కనిపిస్తుంది, ఒక్క వాన పడగానే వారంలో పచ్చబడుతుంది. ఎండాకాలంలో ఆ గోధుమరంగు చూసి సభ్యులు ఫోన్లు చేస్తారు, ముందే చెప్పి పెట్టుకోండి.

మిగతా జాగాలో చెట్లు, పొదలు. కాంట్రాక్టరు జాబితాలో కోనోకార్పస్ 150 ఉంది, కొట్టేయండి. త్వరగా పచ్చగా లేస్తుంది కాబట్టి కొన్నేళ్ళు రోడ్ల పక్కన ఎడాపెడా నాటారు, తర్వాత మన రాష్ట్రంలోనే దాన్ని నాటొద్దని చెప్పారు. దాని మీద గూడు కట్టిన పిట్టను నేను ఇన్నేళ్ళలో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. గుల్‌మొహర్, పచ్చ తురాయి అందంగా ఉంటాయి కానీ కొమ్మ పెళుసు, ఏప్రిల్ గాలిదుమారాలకు ముందు విరిగేవి అవే, పిల్లల ఆటల దగ్గర పెట్టొద్దు. నీడకు కానుగ, వేప, పొగడ. పండుకు, పిట్టలకు నేరేడు, సీతాఫలం, మేడి. రావి ఒకటి, గోడకు నలభై అడుగుల దూరంలో. మండుటెండల్లో రేల పసుపు గుత్తులతో వేలాడుతుంటే దానికి మించిన అలంకారం ఏ నర్సరీలోనూ దొరకదు. ఒక మూల జమ్మి నాటండి, మన రాష్ట్ర వృక్షం, నెమ్మదిగా పెరుగుతుంది కానీ నీళ్ళు అడగదు, పదేళ్ళ తర్వాత దసరా రోజు మీ కాలనీ అంతా ఆ చెట్టు దగ్గరికే వస్తుంది. ఎండ బాగా తగిలే పడమటి గోడ వారగా, మీరు వర్టికల్ గార్డెను పెట్టాలనుకున్న చోట, తంగేడు వరుసగా పెట్టి ముందు గునుగు చల్లండి. బతుకమ్మ అప్పుడు ఆ పూల కోసం మన ఆడవాళ్ళు ఉప్పల్ మార్కెట్టులో ఎంత పెట్టి కొంటున్నారో అడగండి. మీ పార్కులో పూసిన తంగేడుతో మీ పార్కులోనే బతుకమ్మ పేర్చుకుంటే, ఆ మొక్క మీద ఎవరినీ చెయ్యి వేయనీయరు.

వర్టికల్ గార్డెను గురించి రెండు మాటలు. గుప్పెడు మట్టి ఉన్న చిన్న కుండీలు, పడమటి ఎండ, వెనక వేడెక్కిన గోడ. రోజుకు రెండుసార్లు నీళ్ళు అందాలి. పంపు ఒక్క రోజు ఆగితే మొత్తం పోతుంది. వద్దు.

మియావాకి అడవి పెడదామని మీ కార్యదర్శి గారు అంటున్నారని రాశారు. జపాన్ వృక్షశాస్త్రవేత్త అకిరా మియావాకి పద్ధతి అది, చదరపు మీటరుకు మూడు నాలుగు మొక్కలు పెట్టి దట్టంగా పెంచడం, మన దగ్గర యాదాద్రి మోడల్ పేరుతో చేస్తున్నారు. పని చేస్తుంది. కానీ మొదటి రెండు మూడేళ్ళు నీళ్ళూ కలుపుతీతా తప్పవు, లోపల నడవడానికి ఉండదు, చీకటి పడ్డాక అటువైపు ఏముందో కనిపించదు, ఆడవాళ్ళు సాయంత్రం నడిచే దారి పక్కన అలాంటి గుబురు నేను పెట్టించను. రోడ్డు వైపు, దుమ్మూ హారన్ల మోతా వచ్చే గోడ వారగా ఒక పట్టీ పెట్టుకోండి, అక్కడ దాని అవసరం ఉంది. మన నేల అసలు రూపం చూడాలంటే 1998లో జాతీయ పార్కు అయిన జూబ్లీహిల్స్ కేబీఆర్ పార్కులో లోపలి భాగం చూడండి. బండలు, ముళ్ళ పొదలు, గడ్డి, మధ్య మధ్య చెట్లు. ఎవరూ ట్యాంకరుతో నీళ్ళు పోయరు, నెమళ్ళు తిరుగుతుంటాయి. మీ పార్కు ఉత్తరం మూల ఉన్న రెండు గుండ్రాళ్ళను పగలగొట్టి చదును చేయాలని ప్లానులో ఉంది చూడండి, అది ఆపండి. ఆ రాళ్ళ చుట్టూ నాలుగు బెంచీలు వేస్తే పార్కులో అన్నిటికంటే ముందు నిండే చోటు అదే అవుతుంది.

ఉన్న 40 చెట్ల చుట్టూ గుండ్రంగా సిమెంటు అరుగులు కడతామన్నారు. కట్టనివ్వద్దు. మొదలుకు సిమెంటు తగిలితే వేరుకు గాలీ నీరూ అందవు, పైకి పచ్చగానే ఉంటుంది, ఏదో ఒక గాలికి మొదలంటా పడిపోతుంది. ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే చెప్పింది. కూర్చోవడానికి అరుగు కావాలంటే మొదలుకు నాలుగడుగులు వదిలి, విడిగా తాండూరు బండలతో కట్టించండి. నడిచే దారికి కూడా సిమెంటు మీద అంటించిన పేవర్ బ్లాకుల బదులు, ఇసుక మీద పరిచిన తాండూరు బండలు, మధ్య రెండు వేళ్ళ సందు, ఆ సందులో గరిక. రాయి దగ్గర్లోని జిల్లాదే, చెడిన బండ ఒక్కటే తీసి మార్చుకోవచ్చు, వాన సందుల్లోంచి దిగుతుంది. వీల్‌చైరు, వాకరు వాడేవాళ్ళ కోసం ఒక చుట్టు మాత్రం సందులు లేకుండా, గరుకుగా, సమంగా వేయించండి, ఇది మర్చిపోవద్దు. దారికి అడ్డం వచ్చిందని ఏ చెట్టయినా కొట్టాలంటే 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) కింద ముందు అనుమతి కావాలి. స్థలం కూడా ఎక్కువగా మున్సిపాలిటీ పేరు మీదే ఉంటుంది కాబట్టి, మీ మున్సిపల్ కార్పొరేషను అర్బన్ బయోడైవర్సిటీ విభాగంలో ప్లాను చూపించి కాగితం మీద సరేననిపించుకున్నాకే పని మొదలుపెట్టండి.

ఇప్పుడు మీరు అన్నిటికంటే ఎక్కువ అడిగిన సోలార్ సంగతి.

ఐదేళ్ళ కింద ఒక పార్కులో 24 సోలార్ స్తంభాలు వేశారు, పేరు చెప్పను. రెండో ఏడు వెళ్తే ఏడే వెలుగుతున్నాయి. నిచ్చెన వేయించి ఒక పెట్టె విప్పాం. లోపల బ్యాటరీ పక్కలు ఉబ్బి పెట్టె గోడకు అతుక్కుపోయింది, టెర్మినళ్ళ మీద తెల్లటి పొడి, వైర్ల సందులో చీమలు పెట్టిన మట్టి. పైన ప్యానెలు మీద చెయ్యి పెట్టి తుడిస్తే అరచేయి నల్లగా అయింది, దుమ్ము, పావురాల రెట్ట గట్టిపడి ఉంది. తల ఎత్తి చూస్తే ప్యానెలుకు మూడడుగుల పైన నిద్రగన్నేరు కొమ్మ. ఎండే పడని చోట సోలార్ స్తంభం నాటారు! మిగతా వాటిలోనూ ఇవే కారణాలు, ఒక్కోదానిలో ఒక్కోటి. చెట్లు పెంచాల్సిన చోట ప్రతి స్తంభానికీ ఎండ కావాలంటే ఆ రెండూ కుదరవు. పార్కు బాగుపడేకొద్దీ దీపాలు చస్తాయి.

నేను చెప్పేది ఇలా. వాచ్‌మన్ గది, స్టోరు, టాయిలెట్ కలిపి మీకు 400 చదరపు అడుగుల కప్పు ఉంది, మీద చెట్టు నీడ లేదు. కిలోవాటుకు సుమారు 100 చదరపు అడుగులు పడుతుంది. అక్కడ 2 కిలోవాట్ల ప్యానెళ్ళు, దక్షిణం వైపు, 17 డిగ్రీల వాలుతో పెట్టించి, డిస్కంలో, అంటే కరెంటు పంపిణీ సంస్థలో, నెట్ మీటరింగుకు దరఖాస్తు చేయండి. మన ఎండకు కిలోవాటుకు రోజుకు సగటున 4 యూనిట్లు వేసుకోవచ్చు, అంటే 8 యూనిట్లు. దీపాలు 18 చాలు, ఒక్కోటి 20 వాట్ల ఎల్ఈడీ, రాత్రి పదకొండు దాకా పూర్తిగా, తర్వాత గేటు దగ్గరివి మాత్రమే. అది రెండు యూనిట్లు చిల్లర. బోరు మోటారు రోజుకు గంట నడిస్తే ఇంకో యూనిట్ పైచిలుకు. మిగిలింది గ్రిడ్‌కు పోతుంది, కరెంటు బిల్లులో తగ్గుతుంది. బ్యాటరీ లేదు కాబట్టి మూడేళ్ళకోసారి మార్చే ఖర్చు లేదు. ఇందులో ఒక ఇబ్బంది ఉంది, కరెంటు పోతే ఈ ప్యానెళ్ళు కూడా ఆగిపోతాయి, లైను మీద పని చేసేవాళ్ళకు షాకు కొట్టకుండా అలా పెడతారు. అందుకని గేటు దగ్గరా టాయిలెట్ దగ్గరా రెండు మాత్రం బ్యాటరీ ఉన్న సోలార్ దీపాలు పెట్టుకోండి, లిథియం ఫెర్రో ఫాస్ఫేట్ రకం బ్యాటరీ అడగండి, సీసం రకం మన మే ఎండకు రెండు మూడేళ్ళు దాటి నిలవదు. పదిహేను రోజులకోసారి ప్యానెళ్ళు తుడవడం వాచ్‌మన్ పనుల్లో రాసి పెట్టండి, పొద్దున్నే, ప్యానెలు వేడెక్కక ముందు.

దీపాలు తెల్లగా కళ్ళు చెదిరేవి వద్దు, 3,000 కెల్విన్ లేదా ఇంకా తక్కువ, పసుపు ఛాయవి, కాంతి కిందికే పడేలా పైన మూత ఉన్నవి. చెట్ల మీదికి రంగు లైట్లు అసలు వద్దు, రాత్రంతా వెలుతురు ఉన్న చెట్టు మీద పిట్ట నిద్రపోదు.

సోలార్ చెట్టు ఫొటోకు బాగుంటుంది, ఆ డబ్బుకు పై కప్పు ప్యానెళ్ళు మొత్తం వచ్చేస్తాయి.

ఎండుటాకుల సంగతి మీరు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే మీ ఫొటోలో మూలన నల్లటి మచ్చ ఉంది, అక్కడ ఆకులు కాలుస్తున్నారు. ఘన వ్యర్థాల నిబంధనల ప్రకారం అలా కాల్చకూడదు, పైగా మీ నేలకు కావాల్సిన ఎరువు అదే. జాలీ ఇటుకలతో నాలుగడుగుల తొట్లు మూడు కట్టించండి, నేల పైన, నీడలో. అడుగు మందం ఆకు, దాని మీద పేడ నీళ్ళు, మళ్ళీ ఆకు. పిడికిట పట్టి పిండితే చుక్క రావాలి, కారకూడదు, అంత తడి ఉంటే చాలు. నెలకోసారి తిరగేయాలి. నాలుగైదు నెలల్లో నల్లగా, వాన పడ్డ మట్టి వాసనతో తయారవుతుంది. ఒకటి నిండేలోపు ఇంకొకటి పండుతుంది. మిగిలిన ఆకు చెట్ల మొదట్లో నాలుగంగుళాల మందాన పరిచేయండి, ఎండాకాలంలో నీళ్ళు పెట్టే రోజులు సగానికి తగ్గుతాయి. ఊడ్చి శుభ్రంగా ఉంచాలన్న పట్టింపు దారుల మీద పెట్టుకోండి, చెట్ల కింద కాదు.

25 లక్షల్ని నేనైతే ఇలా పంచుతాను. మట్టి బాగుచేయడం, ఇంకుడు తోటలు, గుంతలు, సంపుకు 8. దారులు, బెంచీలకు 5. మొక్కలు, డ్రిప్, కంపోస్టుకు 3. ప్యానెళ్ళు, దీపాలు, వైరింగుకు 4. మిగిలిన 5 బ్యాంకులో పెట్టి వేరే దేనికీ ముట్టుకోకండి. మూడేళ్ళకు పంచితే నెలకు దాదాపు 14 వేలు వస్తుంది, అది మాలి జీతానికి. మీ ప్లానులో మాలి జీతానికి ఒక్క రూపాయి లేదు. నేను చేసిన పార్కుల్లో ఇప్పటికీ బాగున్నవాటి పేర్లు రాస్తే, ప్రతిదాంట్లోనూ ఏళ్ళ తరబడి ఒకే మాలి ఉన్నారు. ఒక పెద్దాయన ఉండేవారు, పైపు తిప్పే ముందు ప్రతి పాదులో చూపుడు వేలు రెండు కణుపుల దాకా గుచ్చి చూసేవారు, తడి తగిలితే ఆ చెట్టు వదిలేసి పక్కదానికి పోయేవారు. డ్రిప్‌కు టైమరు పెట్టినా సరే, ఆ వేలు పని టైమరు చేయలేదు, వాన పడ్డ రోజు కూడా అది తెరుచుకుంటుంది. మాలికి టైమరు ఎలా ఆపాలో, ఫిల్టరు ఎలా కడగాలో నేర్పండి, కూర్చోవడానికి ఫ్యాను ఉన్న గది ఇవ్వండి, ప్లాను గీసేటప్పుడే ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకోండి. మీ పార్కులో నీళ్ళు ఎక్కడ నిలుస్తాయో ఆయనకు ఇప్పటికే తెలిసి ఉంటుంది.

తొలకరికి ఇంకా మూడు వారాలు ఉంది. ఈలోగా కర్బు కొట్టించండి, గడ్డపారతో చూడండి, మూడు గుంతల్లో నీళ్ళు గంటకు ఎంత దిగాయో రాసి పంపండి. మొదటి వాన రోజు ఎవరైనా ఒకరు సున్నం డబ్బా పట్టుకుని, నీళ్ళు పారిన దారుల వెంబడి గీతలు పెట్టి, పై నుంచి ఒక ఫొటో తీయాలి, పక్క అపార్టుమెంటు మూడో అంతస్తు నుంచి అయితే బాగా వస్తుంది. ఆ ఫొటో, ఆ మూడు అంకెలు నాకు అందితే ఇంకుడు తోట ఎక్కడ, ఎంత లోతు, ఎన్ని గుంతలు అన్నది లెక్కగట్టి గీసి ఇస్తాను.